సీలు పెట్టెకి పట్టిన చీమలు

ఉదయం పది కావస్తుండగా, పన్నెండు బాంబులున్న సీలు పెట్టెకి చీమలు పట్టాయని డఫేదారు సాయిలు కనిపెట్టాడు.

ఎర్రచీమలు. కిటికీ ఊచల్లోంచి దిగి, జడ్జిగారి వేదిక అంచు చుట్టి, సర్కారు వకీలు కుర్చీ కిందుగా వరస కట్టి పెట్టె దాకా వచ్చాయి. పెట్టె మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది: "అత్యంత రహస్యం. ప్రేలుడు పదార్థము. ముట్టరాదు. చూడరాదు. లోపల ఏమున్నదో ఊహించరాదు." చీమలకు చదువు లేదు. లక్కముద్ర ఒక మూల విరిగి ఉంటే అక్కణ్ణుంచి లోపలికి ఖాళీగా పోతున్నాయి, తెల్లటి రవ్వంత నెత్తిన పెట్టుకుని బయటికొస్తున్నాయి.

సాయిలు నోట్లో ఉన్నదేదో మింగి, మీసం తుడుచుకుని, భుజం మీది ఎర్ర పటకా సర్దుకుని కబురు చెప్పడానికి వెళ్లాడు.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన పని ఒక్కటే. కోర్టు గుమ్మంలో నిలబడి కక్షిదారుల పేర్లు మూడేసిసార్లు పిలవడం. మూడో పిలుపుకి పలక్కపోతే వారంటే. అందుకని సాయిలు గొంతు బస్టాండు దాకా వినపడేది. టీ తాగుతున్నవాడు గ్లాసు వదిలేసి, బీడీ కాలుస్తున్నవాడు బీడీ పారేసి పరుగెత్తుకొచ్చేవారు. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైర్మెంటు. అలాంటి మనిషికి, ప్రత్యేక కోర్టు పెట్టిన నాటి నుంచి, పేర్లు పిలవకూడదన్న ఉత్తర్వు వచ్చింది.

దాని వెనక పెద్ద కథే ఉంది. ఉగ్రవాద కేసులైనా సరే, విచారణ నలుగురి ముందూ జరగాలని పెద్ద కోర్టులు అన్నాయి. దేశభద్రత సంగతులు నలుగురి చెవినా పడకూడదని హోంశాఖ అంది. ఎవరి మాటా తీసెయ్యడానికి లేదు కాబట్టి ఒక కమిటీ వేశారు. అది మూడేళ్లు కూర్చుని మధ్యేమార్గం కనిపెట్టింది. దానిపేరు బహిరంగ రహస్య విచారణ విధానం. తలుపులు తెరిచే ఉంటాయి, విషయం మూసే ఉంటుంది. విధానం మొత్తం అరవై నాలుగు పేజీలు. అయితే ఆ పుస్తకం కూడా రహస్యమే. ఏదైనా నియమాన్ని ఎవరైనా ఉల్లంఘించినప్పుడు మాత్రమే రాజధాని నుంచి వచ్చిన గోప్యతా సమన్వయాధికారి ధనుంజయమూర్తి లేచి, అలాంటి నియమం ఒకటుందని చెప్పేవాడు.

మొదటి నియమం మొదటిరోజే బయటపడింది. ముద్దాయి పేరు రహస్యం. పిలవకుండా విచారణ మొదలుపెడితే అది చట్టవిరుద్ధం. పేరు పెట్టి పిలిస్తే అది దేశద్రోహం. సాయిలు గుమ్మంలో నిలబడి, "ఫలానా, ఫలానా, ఫలానా, హాజరా" అని పిలిచాడు. వరండాలో ఉన్న పదకొండు మంది వచ్చేశారు. వాళ్లలో ఇద్దరు భూతగాదా, ఒకడు మేకల దొంగ, మిగతావాళ్లు విడాకులు. మేకలవాణ్ణి బోనెక్కించి సంతకం కూడా పెట్టించాక, అసలు ముద్దాయి ఇంకా వ్యాన్‌లోనే ఉన్నాడని తెలిసింది.

అసలు ముద్దాయి నెత్తి మీదినుంచి మెడ దాకా నల్ల సంచి. హాజరు అన్న ఒక్క మాట తప్ప మరోటి పలకడానికి వీల్లేదు. సంచిలోంచి ఆ మాట కూడా దగ్గులాగే వినిపించేది.

రెండో నియమం జనానిది. జనం లేకపోతే బహిరంగం కాదు కాబట్టి రోజుకి కనీసం ఇరవై మంది ఉండాలి. రాయచూరు బస్సు కోసం ఎదురుచూసేవాళ్లను పట్టుకొచ్చి టీ ఇచ్చి కూర్చోబెట్టేవారు. వాళ్ల పేర్లూ రహస్యమే కనక రిజిస్టరులో ప్రజలు ఒకటి, ప్రజలు రెండు అని రాసుకునేవారు. ఫ్యాను ఉంది కనక వాళ్లకీ అభ్యంతరం లేదు.

మూడోది బ్యాండు. తలుపు మూయకూడదు, మాట బయటికి పోకూడదు. మరి రహస్యం చదవాల్సి వస్తే? అందుకు పెళ్లి బ్యాండును పిలిపించారు. ఆషాఢమాసం, ముహూర్తాలు లేవు, బ్యాండు మేస్త్రీ జహంగీరు ఖాళీగానే దొరికాడు. ధనుంజయమూర్తి చెయ్యెత్తితే బ్యాండు మోగాలి, దించితే ఆగాలి. సాక్షి చెప్పేది జడ్జిగారికి కూడా వినపడేది కాదు. ఆమెకి వినపడాలన్న నియమం ఏదీ ఇంతవరకూ బయటపడలేదు.

ముద్దాయి తరఫు వకీలు నుస్రత్ బేగంకి ఇచ్చిన అభియోగపత్రంలో ప్రతి వాక్యం మీదా నల్లసిరా పూశారు. నూట ఇరవై పేజీల్లో పూయకుండా మిగిలిన మాటలు నాలుగు: మరియు, సదరు, అట్టి, కావున. ఆమె రెండు వాయిదాలపాటు ఆ కావున మీదే వాదించింది. ముందేం లేకుండా కావున ఎలా వస్తుందని ఆమె ప్రశ్న. ముందు ఉన్నదనీ, ఏమున్నదో చెప్పజాలమనీ సర్కారు వకీలు జవాబు.

ఇక కోర్టులో అడుగుపెట్టే ప్రతివాడూ, జడ్జిగారితో సహా, రోజూ పొద్దున్నే ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. దాన్ని అజ్ఞాన ధ్రువీకరణ పత్రం అనేవారు. "ఈ కేసును గూర్చి నాకేమియు తెలియదు. తెలిసినయెడల శిక్షకు పాత్రుడను." సాయిలు మూడు నెలలుగా పెడుతున్నాడు. నిన్నటిదాకా అది నిజమే.

నిన్న మధ్యాహ్నం, ఎప్పటిలాగే, కోర్టు గేటు పక్కన గంప పెట్టుకుని తుల్జమ్మ కూర్చుని ఉంది. ఆమె అమ్మేది జొన్నపేలాలు, పేలాల ఉండలు. తొలి ఏకాదశి మూడు రోజుల్లో ఉంది, గిరాకీ బాగానే ఉంది. ఆ పండక్కి పేలాలు తినని ఇల్లు ఆ జిల్లాలో లేదు. గిరాకీ బాగున్నా ఆమె చూపు మాత్రం వ్యాన్ దిగే నల్లసంచి మనిషి మీదే ఉండేది. ఆమె భర్త అంజిలప్పను నిరుడు ఏకాదశికి పదిరోజుల ముందు, పేలాల మూటలతో పాటు ఒక జీపు ఎక్కించుకుపోయింది. మళ్లీ జాడ లేదు.

"అన్నా, ఆ సంచిల ఉన్నది మా ఇంటాయనేనా? ఒక్క మాట చెప్పు," అంది ఎప్పటిలాగే.

"నాకెరుకలేదు చెల్లె. ఎరుకలేదని రోజూ సంతకం గూడ చేస్తున్న."

"టేషన్ల అడిగితే అసుమంటి మనిషే లేడన్నరు. లేనోన్ని యాడ దేవులాడాలె? సచ్చిండంటే ఏడుస్త, ఉన్నడంటే కూసుంట. రెండిట్ల ఒక్కటన్న చెప్పుండ్రి."

ఆమె ఒక ఉండ తీసి ఆయన చేతిలో పెట్టింది. కొరికితే మధ్యలో ఏదో పటుక్కుమంది.

"పల్లి గింజ," అంది తుల్జమ్మ. "మా ఇంటాయన ప్రతి ఉండ నడుమ ఒకటి పెడ్తడు, నేను గూడ అట్లనే పెడ్తున్న. పిల్లల పండ్ల కింద పడితే నవ్వుతరని. ఈ జిల్లాల ఇంకెవ్వలు పెట్టరు."

ఆ సాయంత్రమే రాజధాని నుంచి సీలు పెట్టె వచ్చింది. ఏడాదిపాటు అక్కడ చల్లటి గదిలో కాపలా మధ్య ఉంది. సాయిలూ మరొకడూ చెరో పక్కా పట్టి దించారు. మరొకడికి జలుబు. సాయిలుకి లేదు.

మళ్లీ చీమల దగ్గరికి వద్దాం. కబురు వినగానే ధనుంజయమూర్తి పరుగున వచ్చి, పెట్టెకి ఆరడుగుల దూరంలో ఆగి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఈ పిపీలికములకు భద్రతా అనుమతి ఉన్నదా?" అని అడిగాడు.

ఉన్నట్టు దాఖలా లేదు. వెంటనే పంచనామా రాయించాడు. అనుమతి లేని ప్రాణులు, సంఖ్య తెలియదు, రహస్య పదార్థమును స్వాధీనపరచుకుని తెలియని ప్రదేశమునకు తరలించుచున్నవి, వాటి వెనుక ఎవరి ప్రోద్బలమున్నదో విచారించవలసియున్నది. చీమలు తీపికి వస్తాయి కదా సార్ అని సాయిలు మెల్లిగా అన్నాడు. తీపి అని నీకెలా తెలుసునని ఆయన చటుక్కున తిరిగాడు. సాయిలు తెలీదని చెప్పి రెండో ఫారం మీద సంతకం పెట్టాడు.

చీమల మందు చల్లితే పోయేది. కానీ చల్లేవాడికి పెట్టె దగ్గరికి వెళ్లే అనుమతి లేదు. అనుమతి ఉన్నవాడికి చీమల మందు చల్లే పోస్టు లేదు. చీమల పని చీమలు చూసుకున్నాయి.

పదకొండింటికి కోర్టు మొదలైంది. సాయిలు ఫలానాని మూడుసార్లు పిలిచాడు. నల్లసంచి బోనెక్కి దగ్గింది. ప్రజలు ఇరవై మంది టీ గ్లాసులతో సర్దుకుని కూర్చున్నారు. సర్కారు వకీలు అసలు సాక్ష్యం చదవడానికి లేచాడు. అది ముద్దాయి ఫోన్లో మాట్లాడిన మాట. ధనుంజయమూర్తి చెయ్యెత్తాడు, బ్యాండు అందుకుంది.

ఆ మాట కోర్టు దాకా వచ్చిన దారి కూడా చెప్పాలి. ముద్దాయి మాట్లాడింది ఈ జిల్లా తెలుగు. స్థానికులకు వినిపిస్తే రహస్యం పొక్కుతుందని దాన్ని రాజధానికి పంపారు. అక్కడ ఈ యాస తెలిసినవాడు లేడు కనక అది నమ్మకమైన చోటు. వాళ్లు నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషులోకి తిప్పారు. కోర్టు భాష తెలుగు కాబట్టి ఇంకో ఆఫీసులో ఇంకో నిఘంటువుతో మళ్లీ తెలుగులోకి తిప్పారు.

జహంగీరు క్లారినెట్ ఊదుతూ ఊదుతూ ఊపిరి కోసం ఆగాడు. డోలువాళ్లు ఆయన్ని చూసి ఆగారు. సరిగ్గా ఆ ఖాళీలో సర్కారు వకీలు గొంతు ఖంగుమంది.

"ఏకాదశి లోపల సమస్తమును విస్ఫోటనము చెందవలెను. ఒక్కటియు మిగలరాదు. రెండు మూటలు బస్‌స్థానకమునకు, నాలుగు ఆలయమునకు చేరవలెను."

ప్రజలు ఒకటి నుంచి ఇరవై దాకా గ్లాసులు కింద పెట్టేశారు. వాళ్లందరూ బస్‌స్థానకం నుంచే వచ్చారు.

గుమ్మంలో నిలబడ్డ సాయిలు ఆ మాటను నోట్లో వేసుకుని అటూ ఇటూ తిప్పాడు. విస్ఫోటనము చెందవలెను. అంజిలప్ప జన్మలో అలా అని ఉండడు. మరి ఏమని ఉంటాడు? పేలాలె. ఏకాదశి లోపల అన్నీ పేలాలె. బస్టాండు కాడ రెండు మూటలు, గుడి కాడ నాలుగు. ఏటా అక్కడే కదా గంపలు దించేది. సాయిలుకి నవ్వు రాలేదు. ఈ ఒక్క మాట ముద్దాయికి చదివి వినిపించి ఉంటే, ఏడాది కిందట, జీపులోనే, కేసు ముగిసిపోయేది. చదివి వినిపించడానికి నియమం లేదు.

తర్వాత నిపుణుల నివేదిక. పెట్టె తెరవడానికి నిపుణులకి అనుమతి లేనందున బయటినుంచే ఎక్స్‌రే తీశారు. పన్నెండు గుండ్రటి యూనిట్లు. ప్రతి యూనిట్ నట్టనడుమ ఒక చిన్న ఘనపదార్థము, డిటొనేటరుగా భావించబడుచున్నది. దీన్ని ధనుంజయమూర్తి స్వయంగా, బ్యాండు లేకుండానే చదివాడు. భయపెట్టే సంగతులు బహిరంగం చేయవచ్చునన్న నియమం అలా బయటపడింది.

ఇక పెట్టె తెరవాలి. నుస్రత్ బేగం దగ్గరికి వెళ్లబోతే కావున అన్న మాట వరకే ఆమెకు అనుమతి ఉందని ఆపేశారు. జడ్జిగారు, ప్రజలు, బ్యాండువాళ్లు కళ్లు మూసుకున్నారు. ధనుంజయమూర్తి ఒక్కడే మూత కొంచెం ఎత్తి, వేలు పెట్టకుండా లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. మూత వదిలేశాడు.

పదకొండే ఉన్నాయి.

పావుగంటలో బస్టాండు ఖాళీ చేయించారు. గుడి మూయించారు. ఏకాదశి జాతర రద్దయిందని మైకులో చెప్పారు. కారణం రహస్యం కనక, జనం కలరా అనుకుని పక్కూళ్లకి పోయారు. బాంబుల దళం వచ్చి ఏం వెతకాలని అడిగింది. దేని కోసం వెతుకుతున్నారో చెప్పడానికి వీల్లేదన్నారు. దళం ఒక పాల క్యాను, రెండు పుచ్చకాయలు స్వాధీనం చేసుకుంది.

ధనుంజయమూర్తి కోర్టులో నిలబడి, పన్నెండవ యూనిట్ ముద్దాయి ముఠా చేతిలో ఉన్నదని రుజువైనదన్నాడు. ముఠా ఉన్నదనడానికి రుజువు ఏమిటని జడ్జిగారు అడిగారు. యూనిట్ కనపడకపోవడమే రుజువని ఆయన చెప్పాడు. కావున బహిరంగ విచారణ ఇంతటితో చాలించి, ముద్దాయిని ఈ క్షణమే వేరే జైలుకు తరలించాలి. ఏ జైలో రహస్యం. ఎన్నేళ్లో అదీ రహస్యం. ఉత్తర్వు సీలు కవరులో వచ్చి ఉంది, జడ్జిగారు కవరు మీద సంతకం పెడితే చాలు.

"ముద్దాయి చెప్పుకునేది వినకుండానా?" అన్నారు జడ్జిగారు.

"అతడు నిరభ్యంతరంగా చెప్పుకోవచ్చును, మేడం. బ్యాండు సిద్ధముగా ఉన్నది."

నుస్రత్ బేగం లేచి ఏదో అనబోయి, తన దగ్గరున్న నాలుగు మాటల్లో ఏదీ పనికిరాక కూర్చుంది. వ్యాన్ వెనక్కి వెనక్కి వచ్చి గుమ్మానికి ఆనింది. బోనులో నల్లసంచి అటూ ఇటూ తిరుగుతోంది, ఏం జరుగుతోందో తెలియని మనిషి తిరిగినట్టు.

తరలించే ముందు ముద్దాయిని ఆఖరుసారి పిలిపించి, హాజరు రాసుకోవాలి. అది ఈ విధానం కంటే పాత నియమం, దాన్నెవరూ రహస్యం చేయలేదు. జడ్జిగారు కలం పట్టుకుని సాయిలు వైపు చూశారు.

సాయిలు గుమ్మంలోకి వెళ్లాడు. పటకా సర్దుకున్నాడు. ఇత్తడి బిళ్ల సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాడు. ఎనిమిది నెలలు గుర్తొచ్చాయి. గేటు పక్కన, అందరూ పారిపోయినా, కలరాకి కూడా లేవకుండా గంప ముందు కూర్చున్న మనిషి కనిపించింది. మూడు నెలలుగా వాడని గొంతు తీశాడు.

"పేలాల అంజిలప్పా, హాజరా?"

గేటు దగ్గర గంప బోర్లా పడింది.

"పేలాల అంజిలప్పా, హాజరా?"

ధనుంజయమూర్తి కుర్చీలోంచి లేచేసరికి మూడో పిలుపు కూడా అయిపోయింది. బోనులో సంచి ఆగిపోయింది. తర్వాత రెండు చేతులు పైకి లేచి దాన్ని లాగేశాయి. లోపలినుంచి గడ్డం మాసిన బక్కమనిషి బయటపడి, వెలుతురుకి కళ్లు చికిలించి, "ఉన్న సారూ, హాజరే," అన్నాడు. గేటు దగ్గరినుంచి ఒక ఆడగొంతు ఏదో అంది. మాట తెలియలేదు గాని, అతను అటు తిరిగి తలూపాడు.

ఆ పేరు నీకెవరు చెప్పారని ధనుంజయమూర్తి అరిచాడు. జడ్జిగారు సాయిలుని బోను పక్కనున్న సాక్షుల బోనులోకి రమ్మన్నారు. సీలు కవరు మీద పెట్టబోయిన కలానికి మూత పెట్టేశారు. ధనుంజయమూర్తి చెయ్యెత్తాడు. జహంగీరు క్లారినెట్ పెదాలకి ఆనించుకున్నాడు గానీ ఊదలేదు. ఇన్నాళ్లుగా ఈ కోర్టులో ఒక్క ముక్కా వినని మనిషి, ఇప్పుడు విందామనుకున్నాడు. డోలువాళ్లు ఆయన్ని చూసి ఊరుకున్నారు.

సాయిలు చేతులు కట్టుకుని చెప్పాడు.

"ఫారం వద్దు మేడం, నాకంత ఎరుకే. ఆ పన్నెండోది ఏ ముఠా కాడ లేదు, నా కడుపుల ఉన్నది. ముందర బెంచోళ్లు ఎనకకు జరగకుండ్రి, ఏం కాదు. పొద్దుగాల తొమ్మిదిన్నరకు కోర్టు తాళం తీసి, ఈ బిళ్ల పిన్నీసుతోని లక్కముద్ర నేనే పగలగొట్టిన. చీమలది తప్పు లేదు, అవి నా ఎనక వచ్చినయ్. నిన్న పెట్టె దించుతుంటెనే బెల్లం వాసనొచ్చింది. వాసనొచ్చిందని చెప్పుదమంటే, వాసన చూసుడు గూడ నేరమంటరని భయపడ్డ. అబద్ధమెందుకు, కొరికేటప్పుడు నిజంగనే పేలితే ఈ ఎనిమిది నెలలు ఎవరు పిలుస్తరు పేర్లు అనుకున్న. అయినా కొరికిన. బయట కూసున్న ఆ యమ్మకు మొగుడున్నడో లేడో ఆ ఉండకే ఎరుక, కొరికితెనే చెప్తది. ఆ సారు చదివింది మన మాటల చెప్త, ఇనుండ్రి. 'ఏకాదశి లోపల అన్నీ పేలాలె, ఒక్క గింజ మిగలొద్దు.' జొన్నలు మేడం. మూకుట్ల. ఎల్లుండి మీ ఇంట్ల గూడ తింటరు. ఇగ రాసుకోండ్రి. సాయిలు, డఫేదారు, సర్కారు బాంబు ఒకటి తిన్నడు. బెల్లం జర ఎక్కువైంది. నడుమల డిటొనేటరు గూడ ఉండె, రిపోర్టుల తప్పులేదు. పల్లి గింజ. మంచిగ ఏగింది."